స్కోరు చెప్పొద్దు

బీరువా కింది అరలోంచి మా అమ్మాయి ఉన్ని మఫ్లరు ఒకటి బయటకు లాగింది. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మాది ఒక్క పడకగది ఫ్లాటు. క్షణంలో ఇల్లంతా గ్రీజు వాసన. ఎన్నిసార్లు ఉతికినా, ఎన్ని కలరా ఉండలు వేసినా ఆ వాసన పోలేదు. పోకపోవడమే నాకిష్టం. "ఈ ఎండల్లో మఫ్లరు ఎవరిదమ్మా?" అంది. బడి నుంచి వచ్చి గంటయినా సంచి ఇంకా భుజానే ఉంది. ఏదో చెప్పలేక మఫ్లరును సాకు చేసుకుందని తెలుస్తూనే ఉంది. నేనేమీ అడక్కుండా మఫ్లరు అందుకున్నాను.

అది సత్తన్నది. జగిత్యాల వైపు మనిషి, ఫుజైరా కొండల్లోని ఒక రాతి క్వారీలో వర్క్‌షాపుకు పెద్ద. నేను పెళ్ళయిన కొత్తలో కాకినాడ నుంచి వచ్చి ఆ క్వారీ ఆఫీసులోనే చేరాను. ఏ యంత్రాన్ని ఏ రోజు ఆపాలి, ఎప్పుడు విప్పి చూడాలి అన్న ప్లాను రాయడం నా పని. మావారి ఉద్యోగం దుబాయ్‌లో, ఆయన గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం సెలవుకి ఉండి వెళ్ళేవారు. క్వారీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరూ మేడమ్ అని పక్కకు తప్పుకుంటుంటే, సత్తన్న మాత్రం మొదటిరోజే "చెల్లె, చాయ్ తాగినవా?" అని అడిగాడు.

రాళ్ళను నలగ్గొట్టే క్రషర్ జర్మనీ నుంచి వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజినీరు వెళ్తూ వెళ్తూ తన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మఫ్లరును సత్తన్న మెడలో వేశాడట, అదీ నడి జూలైలో. అంతవరకూ సత్తన్న కబడ్డీ తప్ప మరో ఆట చూసి ఎరగడు. ఆ రోజు నుంచి ఆ క్లబ్బు అతనిదైపోయింది. "ఆళ్ళ మిషిన్ మనకు అన్నం వెడ్తాంది. ఆళ్ళ టీము గెలవాలని మనం అనుకోకుంటె ఎట్ల?" అనేవాడు. మఫ్లరు మాత్రం మళ్ళీ మెడలో వేసుకోలేదు. గేటు పక్కన మలయాళీ కోయా నడిపే కేఫెటేరియాలో టీవీ పైన మేకుకు వేలాడేది. పని దిగి వచ్చినవాళ్ళంతా గ్రీజు చేతులతోనే దాన్ని తాకేవాళ్ళు.

యూరప్ క్లబ్బుల పోటీలో మ్యాచ్‌లు మాకు అర్ధరాత్రి దగ్గరపడ్డాక మొదలవుతాయి. క్వారీలో పని పొద్దున ఆరింటికి. అందుకని కోయా మ్యాచ్ రికార్డు చేసి ఉంచేవాడు, మర్నాడు నాలుగింటికి పని దిగాక అందరూ కూర్చుని చూసేవాళ్ళు. అప్పటిదాకా స్కోరు ఎవరూ నోరు జారకూడదు. కోయా పేపరును మడిచి గల్లాపెట్టె కింద దాచేవాడు. గేటు దగ్గర పెషావర్ వాచ్‌మన్ ప్రతి లారీని ఆపి, మ్యాచ్ మాటెత్తొద్దని డ్రైవర్‌కు వార్నింగ్ ఇచ్చేవాడు. ఒకసారి అతను ఇంట్లో మనిషి పోయినట్టు మొహం పెట్టుకుని వార్నింగ్ ఇవ్వడంతో ఓడిపోయారని సైటంతా తెలిసిపోయింది. ఆ తరువాత వాచ్‌మన్‌కు కూడా స్కోరు తెలియకూడదని కొత్త రూలు పెట్టారు.

"అయిపోయిన ఆటకి ఇంత హడావిడేంటండీ?" అని ఒకరోజు ఆటపట్టించాను.

"స్కోరు తెలిస్తే ఆట కనవడదు చెల్లె" అన్నాడు సత్తన్న. "ఓడిండ్రని తెల్సినంక మంచిగ ఆడింది గూడ తప్పే అనిపిస్తది. గెల్సిండ్రంటె గుడ్డిగ తన్నింది గూడ తెలివే."

వర్క్‌షాపులోనూ అతనిది అదే పద్ధతి. ఏదైనా విరిగితే తప్పు ఫలానావాడిదని ముందుగా ఎవరినీ అననిచ్చేవాడు కాదు. "మొదటికెల్లి జెప్పు" అనేవాడు. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి ఒక్కొక్కరూ చెప్పుకుంటూ రావాలి. సగం మాటల్లోనే సంగతి దానంతటదే బయటపడేది.

నేను చేరిన రెండో ఏడు ఆ క్లబ్బు మూడు పోటీల్లోనూ దూసుకుపోయింది. జర్మన్ కప్పులో సెమీస్‌దాకా వెళ్ళి పెనాల్టీల్లో ఓడింది. యూరప్‌లో ఫైనల్ చేరింది. లీగ్ టైటిల్ మాత్రం చివరి శనివారం దాకా తేలలేదు. లీగ్ మ్యాచ్‌లు మా టైములో సాయంత్రం అయిదున్నరకే. కానీ ప్రతి శనివారం నాలుగింటికి క్రషర్ ఆపి, బేరింగు మూత విప్పి, అది అరుగుతోందో లేదో నూనెలో ఇనప రజను వెతికి చూడాలి, ముగిసేసరికి రాత్రవుతుంది. అందుకే సత్తన్న ఏళ్ళ తరబడి ఒక్క శనివారం మ్యాచ్ కూడా జరుగుతుండగా చూడలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎవరినీ అడక్కుండా ఆ తనిఖీని మంగళవారానికి మార్చేశాను. సత్తన్నకు మాత్రం ఆఫీసు వాళ్ళే మార్చారని అబద్ధం చెప్పాను.

ఆ సాయంత్రం నేనూ వెళ్ళి కూర్చున్నాను. క్లబ్బు గెలిచింది, టైటిల్ వచ్చింది. సత్తన్న మేకు మీది మఫ్లరు తీసి మొదటిసారి తనే మెడలో వేసుకుని, చెమటలు కారుతుండగా అందరికీ చాయ్ పోయించాడు. అంత సంతోషం నా చేతుల మీదుగా జరిగినందుకు గర్వపడ్డాను.

సోమవారం బేరింగు తిరగకుండా పట్టేసింది. క్రషర్ ఆగిపోయింది. రేవులో ఓడ మా రాయి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. సత్తన్న వీసా ఆ నెలలోనే రెన్యూ కావాలి. శనివారం అతను మ్యాచ్ చూశాడని సైటులో తెలియనివాళ్ళు లేరు. ఆట కోసమే తనిఖీ ఎగ్గొట్టాడని ముదీర్, అంటే మా మేనేజరు, అనుకుంటే ఇక ఖలాస్, ఇంటికి పంపేస్తారు. ఆ రాత్రి ప్లాను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది, అతనిది పోతుంది.

మర్నాడు ముదీర్ అందర్నీ గదిలోకి పిలిచి, "కిస్‌కా గల్తీ?" అంటూ సత్తన్న వైపే చూశాడు.

సత్తన్న తొణకలేదు. "గల్తీ బాద్ మే, సాబ్. పహలే శురూ సే సునో" అన్నాడు. తప్పెవరిదో తరువాత చూద్దాం, ముందు మొదట్నుంచి వినమని. శనివారం పొద్దున తాళం తీసినవాడితో మొదలైంది. తరువాత గ్రీజు కొట్టినవాడు, ఆపైన ఫోర్‌మన్. వరస నా దగ్గరకొచ్చింది.  తనిఖీ మార్చింది నేనేనని, ఆఫీసు మార్చిందని సత్తన్నకు అబద్ధం చెప్పానని ఒక్క గుక్కలో చెప్పేశాను.

సత్తన్న కావాలంటే అక్కడితో బయటపడేవాడే. కానీ వరసలో తనూ ఉన్నానన్నాడు. ప్లాను మారితే సంతకం పెట్టిన కాగితం చూపించమని ఎప్పుడూ అడిగేవాణ్ణి, ఆ రోజు అడగలేదు, మ్యాచ్ చూడాలన్న ఆశతో కావాలనే అడగలేదు అన్నాడు. ముదీర్ మా ఇద్దరికీ వార్నింగ్ లెటర్లు ఇచ్చాడు. సత్తన్న వీసా రెన్యూ అయింది.

బయటికొచ్చాక క్షమించమన్నాను. "నా కోసమే జేసినవ్ గద, నాకెర్కనే" అన్నాడు. "గని ఇంకోపాలి గిసొంటి మంచి జెయ్యకు తల్లీ." నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తరువాతి శనివారం రాత్రి యూరప్ ఫైనల్. మావారు తెల్లవారగానే ఫోన్ చేసి, ఓడిపోయారని నన్నడక్కుండానే చెప్పేశారు. ఆ రోజంతా నేను మొహంలో ఏమీ కనబడనీయకుండా తిరిగాను. నాలుగింటికి సత్తన్న పక్కన కూర్చుని మొత్తం చూశాను. ఓడినా ఎంత చక్కగా ఆడారో అప్పుడే తెలిసింది. పొద్దున్నుంచీ నా బుర్రలో ఉన్నది ఓటమి ఒక్కటే.

"నీకు పొద్దుగాలనే ఎర్క గద?" అన్నాడు సత్తన్న, టీవీ ఆపాక.

"తెలుసండి."

"మంచిగ దాచినవ్. గిసొంటియి దాచు. మొన్నటసొంటియి దాచకు."

నాలుగేళ్ళ తరువాత అతను ఊరికి వెళ్ళిపోతూ మఫ్లరు నా టేబుల్ మీద పెట్టాడు. "మా కాడ గింత చలెక్కడిది" అన్నాడు. ఫుజైరాలో చలి ఉన్నట్టు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పి, మఫ్లరు దాని మెడలో వేశాను. అది నెమ్మదిగా సంచి తెరిచి, మడతలు పడ్డ లెక్కల పేపరు తీసింది. "అమ్మా, నాకెన్ని వచ్చాయంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు.

పేపరు దాని చేతిలోంచి తీసుకుని, మార్కులు కనబడకుండా బోర్లించి మంచం మీద పెట్టాను.

"అది తరువాత" అన్నాను. "మొదటి లెక్క దగ్గర్నుంచి చెప్పు."