పింఛను బంద్ అవుతుందన్న ఫోన్

కిందటేడు నవంబరు. గచ్చిబౌలిలో నేను పనిచేసే బ్యాంకు బ్రాంచి పింఛనుదారులతో నిండిపోయి ఉంది. ఏటా ఒకసారి వాళ్లు లైఫ్ సర్టిఫికేట్ ఇవ్వాలి. అంటే తాము బతికే ఉన్నామని రుజువు చూపాలి. ఆ కౌంటరు నాది.

గోపన్‌పల్లి నుంచి యాదమ్మ వచ్చింది. ఆమె భర్త ప్రభుత్వోద్యోగం చేసి పోయాడు. ఆయన తర్వాత ఆమెకు వచ్చే ఫ్యామిలీ పెన్షనే ఆధారం. ముఖమంతా చెమట.

"కొత్త ఏటీఎం కార్డు గావాలె మేడం. ఇప్పుడే గావాలె."

"ఎందుకంత తొందరమ్మా?"

"ఊకెనే."

అంతలో ఆమె కొంగుచాటు నుంచి మగగొంతు వినిపించింది. "అయిందా అమ్మా? కార్డు మీది నంబర్ చెప్పు." ఫోన్ కాల్ నడుస్తూనే ఉంది. నేను చెయ్యి చాపితే ఆమె ఫోన్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పింఛన్ ఆఫీసాయన. ఇయ్యాల పని గాకుంటే పింఛన్ బంద్ అయితదట. బ్యాంకోళ్లకు చెప్పొద్దన్నడు."

బతిమాలితే కాల్ కట్ చేసింది. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అప్పటికే చెప్పేసిందట. ఇక వాడికి కావలసింది కార్డు మీది నంబరొక్కటే. వెంటనే డెబిట్ ఫ్రీజ్ పెట్టాలి. అది పెడితే ఖాతాలోకి డబ్బు వస్తుంది, బయటికి పోదు. దానికి ఆమె సంతకం కావాలి.

యాదమ్మ కాగితం వెనక్కి నెట్టింది. "అకౌంట్ బంద్ జేస్తరని గాయన జెప్పనే జెప్పిండు. మీరు గూడ గదే అంటున్నరు."

ఫోన్ మళ్లీ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఖాతాలో ఏం జరుగుతోందోనని నా భయం నాది. అయినా ముందు సర్టిఫికేట్ పని చేద్దామని టాబ్లెట్ తెరిచాను. తీరా చూస్తే దానికీ ఓటీపీ కావాలి.

"మల్ల మీరు గూడ నంబరే అడుగవడితిరి."

టాబ్లెట్ ఆమె వైపు తిప్పాను. "నాకు చెప్పొద్దమ్మా. మీరే నొక్కండి."

ఫోన్‌లో చూసుకుంటూ ఒక్కో అంకె నొక్కింది. ఒక అంకె తప్పు పడింది. మళ్లీ మొదలుపెట్టాం. ముఖం గుర్తుపట్టడానికి కెమెరా ముందు కళ్లార్పమంటే ఆర్పింది. సర్టిఫికేట్ అందిందని మెసేజ్ వచ్చాక చదివి వినిపించాను.

"ఇగ ఈ యేడు ఎవ్వరు బంద్ జెయ్యరా?"

"ఎవ్వరూ చెయ్యరమ్మా."

"అయితే ఇటియ్యి, సంతకం బెడ్త."

ఫ్రీజ్ పెట్టి ఖాతా చూశాను. డబ్బు కదల్లేదు. అయినా పింఛను పడేదాకా ఆమెకు నిద్ర లేదట. పడ్డాక వచ్చి నాచేత ఖాతా మరోసారి చూపించుకుని వెళ్లింది.

ఇలాంటివాళ్లు తెలియనితనం వల్ల మోసపోతారని అనుకునేదాన్ని. నంబరు అడిగితే అనుమానించాలని యాదమ్మకు తెలుసు, భయం ఒక్కటే ఎక్కువ. ఆ భయాన్ని ఫోన్ చేసినవాడు కొత్తగా పుట్టించలేదు. గడువు దాటితే పింఛను ఆగుతుందని మా గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది. ఆలస్యమైనా సర్టిఫికేట్ ఇస్తే, ఆగిన నెలలవి కూడా కలిపి వస్తాయని మాత్రం ఎక్కడా లేదు. ఇప్పుడు నా కౌంటరుకు ఎవరొచ్చినా ముందు ఆ మాటే చెబుతాను. అది విన్నాక గానీ చాలామంది కుర్చీలో వెనక్కి ఆనుకోరు.