పరుగు తినేసిన ఎముకలు

హాస్టల్లో చేరిన మరుసటి ఏడాది నాకు నెలసరి ఆగిపోయింది. ఏ నెలలో ఆగిందో ఇప్పుడు గుర్తు లేదు. ఆగినందుకు బాధపడి ఉంటే గుర్తుండేదేమో.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. కాస్త చేను ఉండేది, వాన పడితే శనగ వేసేవాళ్లం. బడి దూరం కావడంతో నేను రోజూ పరిగెత్తే పోయేదాన్ని. సాయంత్రాలు ఎండిపోయిన పాపాఘ్ని ఇసుకలో మగపిల్లలతో పందెం కట్టి గెలిచేదాన్ని. అది చూసిన డ్రిల్లు సారు నన్ను కడపలో ఆటల హాస్టలుకు పంపించాడు. నేను బయలుదేరే ముందు ఆదివారం, చర్చిలో పాస్టరు నన్ను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మా నాయన ఆ రోజంతా గడ్డం గీసుకున్న ముఖంతో ఊళ్లో తిరిగాడు.

హాస్టల్లో కోచ్ సారు మమ్మల్ని వారం వారం తూకం మిషన్ ఎక్కించేవాడు.

"బరువు మోసుకోని ఉరికితే మెడల్ యాడ్నుంచి వస్తాది పాపా? గాలి మాదిరి ఉండల్ల," అనేవాడు.

ఆయనకు మా మీద ప్రేమే. జ్వరమొస్తే తన స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. అందుకే ఆయన మాట మీద అంత నమ్మకం. సంగటి ముద్దలో సగం పక్కకు నెట్టేదాన్ని. గుడ్డులో పచ్చసొన తీసేసేదాన్ని. రాత్రిళ్లు ఆకలేస్తే నీళ్లు తాగి పడుకునేదాన్ని. నిజంగానే టైమింగు తగ్గింది. తగ్గేకొద్దీ ఇంకా తగ్గాలనిపించేది. పదివేల మీటర్లలో నాతో పోటీకి వచ్చేవాళ్లే మా హాస్టల్లో లేకుండా పోయారు.

పక్క మంచం పిల్లది రాయచోటి. నెలనెలా కడుపునొప్పితో ముడుచుకుని పడుకునేది.

"నీకి ఈసారి కూడా డేటు రాలేదా మే? ఎంత అదృష్టమే నీది! నన్ను చూడు, కడుపు పట్టుకోని ఉరుకుతాండా," అనేది.

దూరం పరిగెత్తే పిల్లలందరం అది బాగా సాధన చేస్తున్నదానికి గుర్తనుకునేవాళ్లం. కోచ్ సారుకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆయన మగమనిషి, ఎట్లా చెప్తాం?

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మ కనిపెట్టింది. పొయ్యి దగ్గర కూర్చుని, నా ముఖంలోకి చూడకుండా అడిగింది.

"ఏమ్మే, నువ్వు తలకి పోసుకున్నట్టే లేదే? వచ్చి నెల దాటిపాయ." గొంతు తగ్గించి, "ఆడ ఎవరన్నా..." అని ఆపేసింది.

నాకు చెడ్డ కోపం వచ్చింది. "ఉరికేటోళ్లకి అట్లే ఆగిపోతాదిమా. అందరికీ అంతే. నీకేం తెలుసు?" అన్నాను.

అమ్మ ఇంక అడగలేదు. చదువుకున్న పిల్ల చెప్తోంది కదా అనుకుని ఉంటుంది.

ఆ తర్వాత మోకాలి కింద ముంగాలు నొప్పి మొదలైంది. మెట్లు దిగుతుంటే ఎముకలో సూది గుచ్చినట్టు ఉండేది. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పరిగెత్తాను. రెండో కాలికి వచ్చింది. అదీ తగ్గింది. ఆపైన గజ్జల్లో మొదలైంది. నూనె రాసి, గుడ్డ చుట్టుకుని సాధనకు పోయేదాన్ని, ఎందుకంటే కర్నూల్లో పోటీలు దగ్గర పడ్డాయి. అక్కడ గెలిస్తే జాతీయ పోటీలకు పోవచ్చు.

ఆ పరుగులో నేను రెండో స్థానంలో ఉన్నాను. ముందున్న అమ్మాయి అలిసిపోతున్నట్టు ఆమె భుజాలే చెబుతున్నాయి. ఇంక దాటేస్తాననుకున్నాను. తుంటి దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అది నేను విన్నాను. కింద పడ్డాను. వెనక వస్తున్నవాళ్లు నన్ను తప్పుకుని పక్కనుంచి పోతున్నారు.

"లెయ్ పాపా, లెయ్! ఇంగ రవ్వంతే!" అని కోచ్ సారు గీత అవతల నుంచి అరుస్తున్నాడు.

లేవబోయాను. కాలు నాది కాదన్నట్టు బయటికి తిరిగిపోయి ఉంది.

కర్నూలు ఆసుపత్రిలో నన్ను చూసిన డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగి, చివరికి, "నెలసరి సరిగ్గా వస్తుందామ్మా?" అంది. అన్నేళ్లలో ఆ మాట అడిగిన డాక్టరు ఆమె ఒక్కతే. కోచ్ సారు లేచి బయటికి పోయాడు.

"రాదు మేడమ్."

"ఎప్పట్నుంచి?"

చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది.

తుంటిలో స్క్రూలు వేశారు. తర్వాత ఎముకల బలం తెలుసుకోవడానికి స్కాన్ తీశారు. ఆ కాగితం పట్టుకుని డాక్టరమ్మ, ఊరి నుంచి వచ్చిన అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"పరుగుకు ఖర్చయ్యేంత తిండి ఈ పిల్ల తినలేదమ్మా. ఒంట్లో ఏమీ మిగలకపోతే శరీరం నెలసరిని ఆపేస్తుంది. దాంతో ఎముకల్ని కాపాడే హార్మోన్ కూడా తగ్గిపోతుంది. ఇప్పుడు ఈమె ఎముకలు ముసలమ్మ ఎముకల్లా ఉన్నాయి."

"పాలు తాపిస్తాం మేడమ్. గుడ్లు పెడతాం. మళ్లా బలం రాదా?" అంది అమ్మ.

"కొంత వస్తుంది. అంతా రాదు. ఎముక గట్టిపడాల్సిన ఏళ్లు అవి. పోయాయి."

అమ్మ తన చేతులు చాపి డాక్టరమ్మ ముందు పెట్టింది. "నావి శానా గట్టివి మేడమ్. చిన్నప్పట్నుంచి మూటలు మోసినాయి. దానికేమన్నా పనికొస్తాయా చూడండి."

డాక్టరమ్మ అమ్మ చేతులు పట్టుకుంది.

"మళ్లీ ఎప్పుడు ఉరకొచ్చు మేడమ్?" అని అడిగాను.

"ముందు నడక సంగతి చూద్దాం," అంది.

నేను ఇంటికి చేరేలోపే హాస్టల్లో నా మంచం ఇంకొకరికి ఇచ్చారు. కోచ్ సారు ఒకసారి అరటిపళ్లు తీసుకుని వచ్చాడు. నాయనతో వానల గురించి మాట్లాడి పోయాడు. చాలా నెలలు మందులు మింగి, కడుపునిండా తిన్నాక, ఒక పొద్దున నెలసరి వచ్చింది. అమ్మ సంతోషం పట్టలేక మోకాళ్ల మీద కూలబడి స్తోత్రం చెప్పింది. నాకు మాత్రం ఊరంతా ఖాళీ అయ్యాక బస్సు వచ్చినట్టనిపించింది. ఆ మరుసటి ఏడు నీళ్ల బిందె ఎత్తబోతే మణికట్టు విరిగింది.

ఇప్పుడు కడపలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచర్ని. కుంటుతాను. కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతాను. నిరుడు మా బడిలో ఒక పిల్ల పరుగు చూశాను. మంచి కాళ్లు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. పక్కకు పిలిచి అడిగాను.

"నెలసరి రాక శాన్నాళ్లయింది మేడమ్. మంచిదే కదా, పోటీలు ఉండాయి," అంది.

నాకు జరిగిందంతా చెప్పాను. తుంటి మీద మచ్చ చూపించాను. ఆ పిల్ల తలొంచుకుని విన్నది.

మర్నాడు వాళ్ల నాయన వచ్చాడు. తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. చేతులు కట్టుకుని నిలబడే మాట్లాడాడు.

"మీకి జరిగింది తలుచుకుంటే మాకీ బాధగానే ఉండాది మేడమ్. కానీ మా పాపకి భయం పెట్టొద్దండి. దానికి ఆటల కోటాలో ఉద్యోగమొస్తే మా బతుకులు మారతాయి."

"పాపని ఒక్కసారి డాక్టరుకు చూపించప్పా. అది చాలు."

"చూపిస్తాంలే మేడమ్," అన్నాడు, వెళ్లిపోయే మనిషి గొంతుతో.

పిల్లలతో అట్లాంటి సంగతులు మాట్లాడొద్దని హెడ్మాస్టరు నాకు చెప్పాడు. ఆ పిల్ల మా మైదానానికి రావడం మానేసి వేరే చోట సాధన చేస్తోంది. ముంగాలికి నొప్పి స్ప్రే కొట్టుకుని పరిగెత్తుతోందని తోటి పిల్లల ద్వారా విని వాళ్ల నాయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఈ వారం జిల్లా పోటీల్లో ఆ పిల్ల మొదటి స్థానంలో నిలిచింది. పిల్లలు ఎగురుకుంటూ వచ్చి నాకు చెప్పారు. చాలా మంచి టైమింగట. ఎంతో కూడా చెప్పారు. అదే దూరంలో నా టైమింగు కన్నా మెరుగు. వాళ్లు నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ పిల్లకి ముంగాలు నొప్పి తగ్గిందా అని అడిగాను.