దసరాకు వేసిన రెండు టైర్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి యేడు ఫిబ్రవరిలో నేను కరీంనగర్‌లో ఒక కార్ల డీలరు వర్క్‌షాపుకు సర్వీస్ మేనేజరుగా ఉన్నాను. ఉద్యోగ విరమణ దగ్గరపడుతున్న రోజులు. సర్వీస్ మేనేజరంటే పెద్ద మెకానిక్ అని బయటివాళ్లు అనుకుంటారు. అది సరికాదు. బండి తెచ్చిన మనిషితో మాట్లాడి ఫిర్యాదు రాసుకునేవాడు సర్వీస్ అడ్వైజరు. విప్పి చూసి లోపం పట్టేవాడు టెక్నీషియన్. యజమాని ఒకటి చెప్పి, బండి మరొకటి చెప్పినప్పుడు ఏది నిజమో తేల్చాల్సినవాడు సర్వీస్ మేనేజరు. నా పైన జనరల్ మేనేజరు ఉండేవాడు. ఆయన దృష్టి ఎక్కువగా అమ్మకాల మీద.

మా ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. ఈ వ్యవహారంలో అది పనికొచ్చింది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ వైపు మాది ఒకప్పుడు ఊళ్ల మీద పెత్తనం చేసిన దేశ్‌ముఖుల ఇల్లు. నేను పుట్టేనాటికే భూములు చాలావరకు పోయాయి. నా చదువు పూర్తయ్యేనాటికి కోటలాంటి మా పాత ఇంటి, గడి అనేవారు, పైకప్పు దూలాలు కూడా అమ్ముడుపోయాయి. ఆటోమొబైల్ డిప్లొమా చేసి వర్క్‌షాపులో చేరితే చుట్టాలు కొందరు ముఖం తిప్పుకున్నారు. చేతికి గ్రీజు అంటితే కడుక్కోవచ్చు, ఒకరి ముందు చెయ్యి చాచితే కడుక్కోలేమని నేను అనుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎంత పెద్ద కస్టమరు వచ్చినా నిలబడి మాట్లాడాను గాని వంగి మాట్లాడలేదు.

ఆదిలాబాద్ నుంచి ముందు రాత్రే ఊళ్లోకి వచ్చి ఆగిన ఒక నాలుగు చక్రాల డ్రైవ్ ఎస్‌యూవీ ఒక ఉదయం మా వర్క్‌షాపుకు వచ్చింది. వెనక ఎడమవైపు రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. యజమాని సుధాకర్, పత్తి జిన్నింగ్ మిల్లు ఉన్నవాడు. వెంట ఆయన డ్రైవరు రాజేశం. రాజేశానిది బెల్లంపల్లి. తండ్రి బొగ్గు బావిలో పనిచేశాడట. రాజేశం మాత్రం మీసాలు రాకముందే సుధాకర్ తండ్రి దగ్గర డ్రైవింగు నేర్చుకుని, తల నెరిసేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

జరిగింది ఇదీ. జనవరిలో సుధాకర్ కుటుంబంతో హిమాచల్ వెళ్లాడు. మంచు చూడాలని ఆయన తల్లి కోరిక. రోజంతా ఘాట్ ఎక్కి, సాయంత్రం ఒక మంచు వాలు దగ్గరికి వచ్చేసరికి బండి ఎక్కలేదు. ముందు చక్రాలు తిరిగాయి, బండి కదలలేదు. తర్వాత మెల్లగా వెనక్కి జారి, అడ్డం తిరిగి, రాతిగోడకు తగిలింది. ముసలావిడ మణికట్టు విరిగింది. అదే వాలును వాళ్ల వెనక వచ్చిన మరో బండి ఎక్కిపోయింది. సుధాకర్‌కు అది మరింత మండింది.

రిసెప్షన్‌లో పదిమంది కూర్చుని ఉండగా ఆయన గొంతు పెంచాడు.

"మేనేజర్ సాబ్, నాలుగు చక్రాలు గుంజుతయని చెప్పి అమ్మిన్రు. మంచు మీద బర్రె లెక్క కూసున్నది. బండి మంచిగున్నదా, లేదా, ఒక్క మాట చెప్పున్రి. మంచిగుంటె తప్పు వీనిది. మా అవ్వ చెయ్యి ఇరగ్గొట్టిండు. గిప్పుడే తాళంచెవి గుంజుకొని బస్సెక్కిస్త."

రాజేశం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమని కుర్చీ చూపించాను. కూర్చోలేదు. అక్కడ ఏం జరిగిందని నేనే అడిగాను.

"యాక్సిలేటర్ గట్టిగ తొక్కలే సార్. మెల్లగనే ఎక్కిచ్చిన. ముందటియి గిరగిర తిరిగినయి. ఎనుకకెల్లి నూకుడు రాలే."

"సూసిన్రా, బండి మీద నూకుతుండు," అన్నాడు సుధాకర్. కూర్చున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. రాజేశం నేల చూశాడు.

ఈ రకం బండి ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మామూలు రోడ్డు మీద ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది. ముందు చక్రాలు జారితే, వెనక ఇరుసు దగ్గర ఉండే కప్లింగ్ అనే భాగం బిగుసుకుని వెనక చక్రాలకు కూడా బలం పంపుతుంది. కప్లింగ్ అంటే నూనెలో మునిగి ఉండే పలుచని పలకల కట్ట. పలకలు ఒకదానికొకటి ఒత్తుకుంటే బలం వెనక్కి వెళ్తుంది, వదులైతే ఆగిపోతుంది. ఎప్పుడు ఒత్తుకోవాలో కంప్యూటరు చెబుతుంది.

మా టెక్నీషియన్ సలీం స్కానర్ పెట్టి చూశాడు. కంప్యూటరులో లోపం ఏదీ నమోదై లేదు. అది నమ్మదగ్గ సాక్ష్యం కాదు. ప్రమాదం తర్వాత అక్కడి మెకానిక్ బ్యాటరీ వైరు ఊడదీశాడని రాజేశం చెప్పాడు. ఆ మోడల్లో బ్యాటరీ తీస్తే పాత నమోదులు చెరిగిపోతాయి. ఇక పరీక్ష చేసి చూడాల్సిందే.

సలీం నవ్వుతూ, "కరీంనగర్ల మంచు ఏడికెల్లి తెస్తం సార్? ఐస్ ఫ్యాక్టరీకి తోల్కపోదమా?" అన్నాడు.

మంచు అక్కర్లేదు. ముందు చక్రాల కింద పట్టు లేకుండా చేస్తే చాలు. ఇనుప చట్రంలో తిరిగే రోలర్లు బిగించి ఉన్న పలక మా దగ్గర ఉండేది. ముందు చక్రాలను దాని మీదికి ఎక్కించి గేరు వేస్తే అవి ఉన్నచోటే తిరుగుతాయి. వెనక చక్రాలకు బలం అందితే బండి తనంతట తాను పలక దాటి ముందుకు వస్తుంది. సలీం అలాగే చేశాడు. బండి సులువుగా దాటింది. రెండోసారీ దాటింది.

జనరల్ మేనేజరు తన గదిలోంచి వచ్చి, ఇక చూడాల్సింది ఏముంది, బండి బాగుందని చెప్పి పంపించండి అన్నాడు. ఆయన కోణంలో అది సబబే. బండి బాగుంటే కంపెనీకి ఇబ్బంది లేదు. కాని నాకు ఒక సంగతి కుదరలేదు. మేము పరీక్షించింది రాత్రంతా నిలిచి చల్లారిన బండిని. వాళ్లకు జారింది రోజంతా కొండ ఎక్కి కాలిపోతున్న బండి. వేడిమీద చూడందే నేను మాట చెప్పనన్నాను. మీ ఇష్టం అని ఆయన వెళ్లిపోయాడు.

బండిని జగిత్యాల రోడ్డు మీద చాలాదూరం తిప్పుకొచ్చాం. సలీం నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. తిరిగి రాగానే చల్లారనివ్వకుండా రోలర్ల మీదికి ఎక్కించాం. ఈసారి ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. వెనకవి కదలలేదు. రాజేశం అద్దాల తలుపు అవతల నిలబడి చూస్తున్నాడు.

లిఫ్టు మీదికి ఎత్తి కప్లింగ్ నూనె దించాం. తేనె రంగులో ఉండాల్సిన నూనె తారులాగా వచ్చింది. మాడిన వాసన. వేళ్ల మధ్య రుద్దితే ఇనుప పొడి తగిలింది. పలకలు ఎప్పుడూ ఒరుసుకుంటూ వేడెక్కితేనే అలా అవుతుంది. వేడి హద్దు దాటగానే, పూర్తిగా కాలిపోకుండా కంప్యూటరే కప్లింగ్‌ను వదిలేస్తుంది. చల్లారాక మళ్లీ కలుపుతుంది. అందుకే ఉదయం దాటిన బండి మధ్యాహ్నం దాటలేదు.

మరి మామూలు రోడ్డు మీద పలకలు ఎందుకు ఒరుసుకున్నాయి? టైర్లు చూశాను. నాలుగింటి మీదా ఒకటే సైజు అచ్చు. కాని ముందువాటి గాడులు లోతుగా, కొత్తగా ఉన్నాయి. వెనకవి సగానికి పైగా అరిగాయి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ. అదే దూరానికి అది ఎక్కువసార్లు తిరగాలి. అంటే ముందు, వెనక చక్రాల వేగం ఎప్పుడూ కలవదు. ఆ తేడాను జారుడుగా తీసుకుని కంప్యూటరు కప్లింగ్ పలకలను ఒత్తుతూనే ఉంటుంది, ఒరిపిడంతా వాటి మీదే పడుతుంది. ఆదిలాబాద్ నుంచి హిమాచల్ దాకా ఆ పలకలు ఒక్క క్షణం విశ్రాంతి లేకుండా ఒరుసుకున్నాయి.

ముందు టైర్ల గాలి పిన్నుల దగ్గర ఎండిన పసుపు కనబడింది. చూడగానే నాకు అర్థమైంది. మా ఇంట్లోనూ అదే ఆచారం. దసరా నాడు జీపు కడిగి, ముందువైపు రెండు కొత్త టైర్లు వేసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవారు. ముందటివి వెనక్కి పోయేవి, వెనకటివి బండి దిగేవి. రాజేశాన్ని పిలిచి దసరాకు మార్చారా అని అడిగాను. అతని ముఖం వెలిగింది.

"అవ్ సార్. మా పటేల నాయిన, పెద్దపటేల, ఉన్నప్పటి సంది రివాజు. పండుగకు మనం కొత్తబట్టలు కట్టుకుంటం గద, బండికి గూడ ఉండాలె అనేటోడు. ఏటా నేనే దగ్గరుండి ఏపిస్త. ఒక్క యేడు తప్పలే."

ఆ ఆచారంలో తప్పు లేదు. అది పుట్టింది పాత జీపుల కాలంలో. జీపులో నాలుగు చక్రాలనూ కలిపే లివరు బురదలో మాత్రమే వేసేవారు. మెత్తని నేల మీద చక్రాల తేడాను బురదే సర్దుకునేది. రోడ్డు మీద వెనక చక్రాలే లాగేవి కనుక నష్టం లేదు. బండి మారింది, ఆచారం మారలేదు. నాలుగు టైర్లూ సమంగా ఉండాలని యజమానికిచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్ని చదివి వినిపించరు.

సుధాకర్‌నూ రాజేశాన్నీ ఇద్దరినీ నా గదిలోకి పిలిచి చెప్పాను. మంచు వాలు మీద డ్రైవరు చేసింది సరిగానే ఉంది, ఆ సమయానికి వెనక చక్రాలకు బలం అందలేదు, ఎవరు నడిపినా ఆ బండి జారేదే. మన రోడ్ల టైర్ల రబ్బరు చలికి బిగుసుకుని మంచును సరిగా పట్టదు, అది రెండో కారణం. మొదటి కారణం టైర్ల తేడా.

సుధాకర్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి టైర్లు మార్పిచ్చింది ఎవలు? మల్ల గీ రాజేశమే గద!" అని నవ్వాడు.

అది మీ నాన్నగారు పెట్టిన పద్ధతి, ఇతని సొంత తెలివి కాదు అన్నాను. ఆ మాటకు సుధాకర్ కంటే ముందు రాజేశం కదిలాడు.

"పెద్దపటేల పేరు ఈడికి తేకున్రి సార్. పోయినోని మీదికి ఎందుకు? ఏపిచ్చింది నేను. నా మీదనే ఉండనియ్యిన్రి."

నేను తర్వాత ఎన్ని విధాలుగా చెప్పినా అతను ఆ మాట మార్చుకోలేదు. అతనికి మేలు చేద్దామనే కారణం వెతికాను. ఏటా పండుగనాడు అతను ఇష్టంగా చేసిన పనే ముసలావిడ చెయ్యి విరగడానికి కారణమని చివరకు నా నోటితోనే అతనికి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు బాధ కలిగేది అక్కడే.

కప్లింగ్ మార్చాం. నూనె మార్చాం. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకేసారి వేశాం. బండి సిద్ధమయ్యాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. వేడిమీద రోలర్ల పరీక్ష నెగ్గింది. అది చాలదని ఊరి బయట ఒక చేను దగ్గరికి వెళ్లాం. నీళ్లు పెట్టిన నల్లరేగడి వాలు, మంచుకు ఏమాత్రం తీసిపోదు. రాజేశాన్నే నడపమన్నాను. అతను మెల్లగా, ఇంజను గొంతు పెరగకుండా, ఒక్క పట్టున పైదాకా ఎక్కించాడు. అంత శుభ్రంగా నడిపినవాళ్లను నా ఉద్యోగంలో తక్కువమందినే చూశాను.

సుధాకర్ సంతోషంతో బానెట్ మీద చరిచాడు. "గిట్లెక్కాలె! పా రాజేశం, పోదం. అవ్వ ఎదురు సూస్తది."

రిసెప్షన్‌లో అన్న మాట గురించి ఆయన ఏమీ అనలేదు. మరిచిపోయి ఉంటాడు. రాజేశం దిగి, చెప్పులకంటిన బురదను గడ్డికి రాసి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బండి మంచిగైంది సార్. ఇగ ఎవలు నడిపినా ఎక్కుతది."

యజమానికి దండం పెట్టి రోడ్డు వైపు నడిచాడు. "ఏడికిరా?" అని సుధాకర్ కేకేశాడు. తర్వాత నా వైపు తిరిగి, రెండు దినాలైతె వాడే వస్తడు అన్నాడు. బండిని ఆదిలాబాద్‌కు మా మనిషిని ఇచ్చి పంపాను.

రాజేశం సుధాకర్ దగ్గరికి తిరిగి వెళ్లలేదు. బెల్లంపల్లిలో స్కూలు వ్యాను నడుపుతున్నాడని తర్వాత తెలిసింది. తరువాతి సర్వీసుకు బండితో పాటు సుధాకర్ తల్లి కూడా వచ్చింది. ఆసుపత్రి పని ఉండి వచ్చిందట. నన్ను పక్కకు పిలిచి, "రాజేశం కనవడితె జర చెప్పు బిడ్డా, చెయ్యి మంచిగనే అతికిందని. ఫోన్ జేస్తె ఎత్తుతలేడు," అంది. అతను నాకు మళ్లీ కనబడలేదు.

అతను ఎందుకు వెళ్లలేదో సుధాకర్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అతని స్థానంలో నేనున్నా వెళ్లేవాణ్ణి కాదు. మా నాయన కూడా మనుషులను పదిమందిలో అలాగే అనేవాడు. మాట పడ్డవాళ్లు సాయంత్రానికి మామూలుగా పనిలోకి వచ్చేవారు కనుక, వాళ్లకు పట్టలేదనే మేము అనుకునేవాళ్లం. వాళ్లకు వెళ్లడానికి మరో చోటు లేదు. రాజేశానికి ఉంది.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇందులోంచి చెప్పగలిగింది రెండే. మొదటిది బండి సంగతి: నాలుగు చక్రాల డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాలి, పరీక్ష వేడిమీద చేయాలి. ఇక రెండోది, కారణం తేలేవరకు మనిషి పేరు ఎత్తనివ్వకూడదు. ఆ తర్వాత బండి బాగుపడుతుంది, కారణం కూడా తేలుతుంది. అన్న మాట మాత్రం అన్నచోటే ఉండిపోతుంది.