కారద్దె

మా నాన్న కారు కొన్న ఏడాది పత్తి బాగా పండింది. పత్తి ఆయనది కాదు. చిలకలూరిపేటకు దగ్గర్లో ఉన్న మా ఊరి మిషన్ బడిలో ఆయన పంతులు, మాకు సెంటు భూమి కూడా లేదు. కాని పత్తి పండితే ఊళ్ళో పెళ్ళిళ్ళవుతాయి, పెళ్ళిళ్ళకు కారు కావాలి, పేట నుంచి వచ్చే కారు బదులు మన కారే ఉంటే ఆ బాడుగ మనకే వస్తుంది కదా అని ఆయన ఆలోచన. అప్పుచేసి, ఒంగోలులో ఎవరో వదిలించుకున్న పాత తెల్లకారును తెచ్చి వీధిలో నిలబెట్టాక గాని, దాన్ని ఎక్కడ పెట్టాలన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

మా వీధి సన్నం. మిరపకాయల బస్తాలతో వచ్చిన ఎడ్లబండ్లవాళ్ళు "ఏంది మాస్టారూ, కారు తీయండి, ఎట్టా పొమ్మంటారు మమ్మల్ని?" అని కేకలేసేవాళ్ళు. నాన్న పాఠం మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. తీరా వస్తే ఆయనకు కారు తోలడం రాదు, డ్రైవరు వచ్చేది బాడుగ ఉన్న రోజునే. బడిపిల్లలం అందరం వెనక నుంచి నెడితే అది కాస్త ముందుకు జరిగేది. ఊరంతా నవ్వేది, మా అమ్మ తప్ప.

పేటలో రోడ్డు పక్కన ఒక పత్తి మిల్లువాళ్ళు తమ ఆవరణలో కారు పెట్టుకోనిస్తామన్నారు. పత్తి దిగే నెలల్లో చోటుకు గిరాకీ కాబట్టి అప్పుడు అద్దె ఎక్కువన్నారు. మా నాన్నకు లెక్కలంటే ప్రాణం. ఆ అద్దె సంగతి మనసులో పెట్టుకుని ఊరుకోలేదు. మర్నాడు అయిదో తరగతిలో బోర్డు మీద రాశాడు: "ఒక ఆసామికి ఒక కారు కలదు. దానిని నిలుపుటకు నెలకు అరవై రూపాయలు అద్దె, కాపలావానికి పది రూపాయలు. పత్తికాలమున నాలుగు నెలలు అద్దె మాత్రము రెట్టింపు. అయిన, సంవత్సరమునకు ఖర్చెంత?"

ఆ తరగతిలో నేనూ ఉన్నాను. ముందుగా చెయ్యెత్తింది నేనే. "వెయ్యీ ఎనభై" అన్నాను. నాన్న మెచ్చుకోలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆయన నెల జీతం మొత్తం పెట్టినా అంత కాదు.

ఆ సాయంత్రం అన్నానికి కూర్చుంటూ "అద్దె లేకుండా చోటు దొరికింది" అన్నాడు. ఆ చోటు మా గొడ్ల చావిడి.

చావిడిలో ఉన్నది అమ్మ గేదె. పుట్టింటివాళ్ళు చిన్న పడ్డగా తోలిస్తే అమ్మ పెంచుకుంది. వీధిలో సగం ఇళ్ళకు పాలు మావే. నాన్న జీతం ఇంటికి, పాలడబ్బు అమ్మకు. సబ్బుబిళ్ళకు గాని, నా రిబ్బన్లకు గాని, పుట్టింటికి పోయే బస్సు టిక్కెట్టుకు గాని ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపేది కాదు. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు కానుక సంచి చేతులు మారుతూ వచ్చేది. మిగతావాళ్ళు లోపలికి రాకముందే మొగుళ్ళ దగ్గర చిల్లర అడిగి తెచ్చుకునేవాళ్ళు. మా అమ్మ మాత్రం కొంగు ముడి విప్పి తన నాణెం తాను వేసేది. ఆ ముడి విప్పేటప్పుడు కాస్త ఆలస్యం చేసేది కూడా. అమ్మకు ఆపాటి గర్వం ఉండేది.

"మరి బర్రె?" అంది అమ్మ.

"అమ్ముదాం. మంచి ధర పలుకుద్ది. ఆ డబ్బుతో టైర్లు మార్పించొచ్చు."

"పాలో?"

"మన ముగ్గురికీ గిద్దెడు కొనుక్కుంటే సరిపోద్ది. నాలుగు బాడుగలు తగిలితే నీకు రెండు బర్రెలు కొనిస్తాలే. ఆ మిల్లుకు ఏడాదికెంత కట్టాలో నీ కూతుర్నే అడుగు."

నేను గొప్పగా చెప్పాను. అమ్మ నా వంక చూసి, నాన్న కంచంలో మజ్జిగ పోసి లేచిపోయింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వెనక వీధిలో మాకు పెద్దమ్మ వరస అయ్యే ఆవిడ గేదెను కొనుక్కుంది. చావిడిలో మేత వేసే గాడి పగలగొట్టి కారును లోపలికి నెట్టారు. మర్నాడు తెల్లారకముందే పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడింది. "ఒసే, అది నాకు చేపట్లేదే. నువ్వొచ్చి ఒకసారి చెయ్యెయ్యి" అంది. కొత్త చెయ్యి తగిలితే పొదుగులోకి పాలు దించని గేదె అది. అమ్మ వెళ్ళి దాని వీపు నిమిరి, పేరు పెట్టి పిలిచి, పితికి ఇచ్చింది. ఆ పాలలోంచే పెద్దమ్మ గిద్దెడు కొలిచి మా చెంబులో పోసి, డబ్బులు రేపైనా ఇవ్వొచ్చులే అంది. అమ్మ ఇంటికొచ్చి నాన్న ముందు చెయ్యి చాపింది.

"కారద్దె ఇవ్వండి."

"ఏం అద్దె?"

"పాలకి. చోటు ఊరికే దొరికిందన్నారుగా!"

నాన్న నవ్వేశాడు. ఆ మాట మా ఇంట్లో అలాగే నిలిచిపోయింది. రోజూ పొద్దున్నే కారద్దె. కొన్నాళ్ళకు నాన్న నవ్వడం మానేసి, చొక్కా జేబులోంచి చిల్లర తీసి గూట్లో పెట్టి బడికి వెళ్ళిపోయేవాడు.

కారు ఒక పెళ్ళిళ్ళ కాలం బాగానే తిరిగింది. తర్వాత పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చేలు నల్లబడిపోయాయి. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఆ ఏడాది మా కారుకు తగిలిన పెద్ద బాడుగ, పురుగుమందు తాగిన ఒక రైతును గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవడం. ఆయన దారిలోనే పోయాడు. నాన్న ఆ ఇంటికి వెళ్ళి బాడుగ అడగలేకపోయాడు. కారును వచ్చిన ధరకు అమ్మేశాడు. దాని మీది అప్పు మాత్రం మిగిలింది. చావిడి ఖాళీ అయింది, కాని అందులో కట్టడానికి గేదెను కొనే స్తోమత మాకు లేదు.

కారద్దె అని దెప్పి పాలడబ్బు అడిగిన అమ్మ, కానుకకు మాత్రం ఎన్నడూ అడగలేదు. "దేవుడికి కూడా అడుక్కొచ్చి వెయ్యనా?" అని నాతో ఒక్కసారే అంది. గేదె పోయినప్పటి నుంచి ఆమె సంచిలో చెయ్యి పెట్టేది గాని చప్పుడు వచ్చేది కాదు. పక్కన కూర్చునే నాకు అది తెలుసు. నాన్నకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

కారు పోయాక ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర నాన్న వెనక్కి తిరిగి, అమ్మ అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టాడు. "కానుకకే" అన్నాడు, తల ఎత్తకుండా. చాప మీద కూర్చున్నాక అమ్మ ఆ బిళ్ళ నా చేతిలో పెట్టింది.

"ఇది మీ నాన్నది. నువ్వెయ్యి."

సంచి వచ్చింది. నేను వేశాను, బిళ్ళ చప్పుడైంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ నా చేతిలోంచి సంచి అందుకుని, మూసిన గుప్పిట లోపల పెట్టి, తెరిచిన చెయ్యి బయటికి తీసి, పక్కావిడకు అందించింది.