పదిలో మూడు

మా ముత్తాతగారు దివిసీమలో ఒక ఊరికి మునసబు. తాతగారికి కాలువ మీద సొంత పడవ ఉండేది. అది వస్తోందంటే లాకుల దగ్గర మిగతా పడవలు పక్కకు తప్పుకునేవని ఇంట్లో చెప్పుకునేవారు. నిజమేనా అని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. మొన్న ఇంటర్ చదివే మా మనవరాలు లెక్కలు చేసుకుంటూ, "పది వస్తువుల్లో మూడు ఎన్ని రకాలుగా తియ్యొచ్చు, తాతయ్యా?" అంది. నూట ఇరవై అన్నాను. "కాయితం లేకుండానే? సరే, ఏడు తీస్తే?" అదీ నూట ఇరవయ్యే అన్నాను. మూడు ఉంచుకోవడమంటే ఏడు వదులుకోవడమేనని నేను పుస్తకంలో నేర్చుకోలేదు.

మా నాయనమ్మకు కొండపల్లి దశావతారాలు ఉండేవి. ముత్తాతగారు పొణికి చెక్కతో ప్రత్యేకంగా చేయించినవి. పెట్టె తెరిస్తే కర్పూరం, పాత రంగు కలిసిన వాసన వచ్చేది. దసరా కొలువులో పై మెట్టు వాటిదే. కాలేజీలో చేరిన ఏడు, ఆ పదింటినీ ముప్పై ఆరు లక్షలకు పైగా వరుసల్లో పేర్చవచ్చని గొప్పగా చెప్పాను. "పేర్చుకునేవాళ్లు పేర్చుకుంటారు. మనింట్లో ఒక్కటే వరుస" అంటూ, నేను తారుమారు చేసిన వామనుణ్ణి నరసింహుడి పక్కకు జరిపింది.

మరుసటి ఏడు ఇల్లు చేజారింది. సామాను కొనడానికి వచ్చిన గవర్నర్‌పేట వ్యాపారి మర్యాదస్తుడు. "పెద్దవారు, గుర్తుగా ఓ మూడు బొమ్మలు ఉంచుకోండమ్మా. మీకు నచ్చినవే తియ్యండి" అన్నాడు. నాయనమ్మ మధ్యాహ్నమంతా చాప మీద బొమ్మల ముందు కూర్చుంది. మత్స్యాన్నీ రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఒళ్లోకి తీసుకుంది. మత్స్యాన్ని దించి వరాహాన్ని ఎత్తుకుంది. కాసేపటికి అందరినీ మళ్లీ వరుసలో నిలబెట్టింది. సాయం చేద్దామని, "నూట ఇరవై రకాలున్నాయి నాయనమ్మా, ఏదో ఒకటి తియ్యి" అన్నాను.

"ఏది తీసినా ఏడుగురిని గెంటినట్టేగా, నాన్నా."

తర్వాత లేచి కొంగు సర్దుకుని, వ్యాపారితో, "మా ఇంట్లో ఇవ్వడం తెలుసు గానీ ఏరుకోవడం తెలీదు బాబూ" అంది.

ఇప్పటికీ దసరా వస్తే నా మనసులో ఎవరో ముగ్గురు వచ్చి కూర్చుంటారు. మరుసటి ఏడు వేరే ముగ్గురు. నూట ఇరవై రకాలూ చూసేంత కాలం మనిషికి ఉండదు. పది బొమ్మలూ, వాటి టేకు పెట్టెతో సహా, ఆ సాయంత్రమే అమ్మేశాం.