కదిలే మెట్లు, కదలని కాళ్ళు

ఇది ఇంతవరకూ నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు: పదేళ్ళ వయసుదాకా నాకు ఎస్కలేటర్ ఎక్కడం రాదు. ఆ రోజుల్లో విదేశంలో మేముండే బెడోక్ పేటలో నిక్కరు జారిపోతున్న బుడతలు కూడా ఐస్‌క్రీమ్ నాకుతూ దాని మీద వెళ్ళిపోయేవారు. నేను ఏ మెట్టు మీద కాలు వెయ్యాలో తేల్చుకునేలోగా ఆ మెట్టు పైకి వెళ్ళిపోయేది. (పుస్తకాల్లో మెట్లు బుద్ధిగా ఒకచోటే ఉంటాయి.) కాళ్ళూ చేతులూ ఒకదాని మాట ఒకటి వినని పిల్లల కోసం నడిపే శనివారం క్లాసులో అమ్మ నన్ను చేర్చింది. అక్కడ నేర్పే ఆయన్ని మేం బాతు అంకుల్ అనేవాళ్ళం, మా చేత బాతుల్లా నడిపించేవాడు కనుక. ఊగే చెక్క మీద నిలబడమనేవాడు, ఒంటికాలి మీద ఉండి బంతి పట్టమనేవాడు. నేను బంతి ఎన్నడూ పట్టలేదు గానీ పక్కవాడి చొక్కా మాత్రం గట్టిగా పట్టుకునేదాన్ని. "కాలు ఎక్కడికీ పారిపోదు గర్ల్, నువ్వు ముందుకు చూడు లా!" అని, ఆ ఊరి అలవాటు ప్రకారం చివర ‘లా’ తగిలించి, అరిచేవాడు. ఇలా ఉండగా ఇంకో వారంలో మా స్కూలు క్లాసంతా రైల్లో విహారానికి వెళ్ళాలి. స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కలేనివాళ్ళు తన చెయ్యి పట్టుకోవచ్చని టీచర్ దయగా ప్రకటించింది. అందరి ముందూ ఆ దయ పొందడం కంటే జ్వరం తెచ్చుకోవడం నయమనిపించింది.

సరిగ్గా అప్పుడే కాకినాడ నుంచి అమ్మమ్మ వచ్చింది. శనివారం క్లాసు చూసి పెదవి విరిచింది. "చెక్క మీద ఊగడానికి ఇంత హంగామా ఏంటే? మన కూచిపూడి పిల్లలు నెత్తిన చెంబు పెట్టుకుని ఇత్తడి పళ్ళెం అంచుల మీద ఆడతారు!" ఇంటికి రాగానే హాల్లో పళ్ళెం వేసి, నన్ను ఎక్కించి, నెత్తిన నీళ్ళ చెంబు పెట్టింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు కింది ఫ్లాట్ ఆంటీ పరుగున పైకొచ్చింది. "వాట్ హాపెండ్ లా?"

"డాన్సు," అంది అమ్మమ్మ, తడిసిన కొంగు పిండుకుంటూ, ఠీవిగా.

మర్నాడు ఇద్దరం మాల్‌కి వెళ్ళాం. లిఫ్టు ముందు చంటిపిల్లల బళ్ళు బారులు తీరి ఉన్నాయి. "పద, ఇదే ఎక్కుదాం," అంటూ అమ్మమ్మ నన్ను ఎస్కలేటర్ దగ్గరికి లాక్కెళ్ళింది. తీరా దాని ముందుకు చేరాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"ఇది ఆగదా?"

"ఆగదమ్మమ్మా."

"ఒక్క నిమిషం కూడానా?"

వెనక జనం పోగవుతున్నారు. నాలో భయం కంటే సిగ్గుకే బలం ఎక్కువ (ఇప్పటికీ అంతే). "కాలు చూడకు, ముందుకు చూడు," అన్నాను బాతు అంకుల్ గొంతుతో, నా కాళ్ళ సంగతి మరిచిపోయి అడుగు వేశాను. మెట్టు నన్ను మోసుకుపోయింది. పడలేదు. పట్టుకోవడానికి పక్కవాడి చొక్కా లేదు. చూస్తే అమ్మమ్మ చెయ్యి కూడా లేదు! ఆవిడ కిందే ఉండిపోయింది, రెండు చేతులూ జోడించి.

నేను జీవితంలో గెలిచిన ఏకైక ఆట అది. ఇప్పటికీ ఎస్కలేటర్ దిగగానే ఎవరైనా చూశారా అని ఓసారి వెనక్కి తిరుగుతాను. నాలోని ఆ బుడ్డ విజేతకు మెప్పు ఇంకా బాకీ ఉన్నట్టుంది.

అమ్మమ్మ మామూలు మెట్లెక్కి, రొప్పుతూ పైకొచ్చింది. "చూశావా అమ్మమ్మా?" అని ఎగిరాను. ఆవిడ నా భుజం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఏదీ, ఇంకోసారి ఎక్కి చూపించవే. ఇందాక భయమేసి కళ్ళు మూసేసుకున్నా."