అద్దంలో రెండో పాప

మా కవల ఆడపిల్లలకు అప్పుడు మూడేళ్లు. ఒకేలాంటి గౌన్లు వేస్తేనే ముద్దని చుట్టాలిచ్చిన ఉచిత సలహా పాటించి, అలాగే ముస్తాబు చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుకు తీసుకెళ్లాం.

"పిల్లలు జాగ్రత్త" అన్నాను మావారితో.

ఆయన ఫోన్లోంచి పెద్దమనసుతో తలెత్తి, "ఇద్దరూ ఈడనే ఉన్నరు, పరేషాన్ గాకు" అన్నారు.

తిరిగి చూశాను. ఆయన లెక్కలో రెండో పాప, నిలువుటద్దంలో కనిపిస్తున్న మొదటిదే!

ఏడుస్తూ బయటికి పరుగెత్తాను. రోడ్డు అంచున, పూలమ్మే ఆవిడ ఒళ్లో కూర్చుని ఉంది రెండోది.

"ఇద్దరున్నరని ఒకర్ని ఇడిచిపెట్టిన్రా అమ్మా?" అందామె.

ఇప్పుడు ఇద్దరికీ వేర్వేరు రంగుల బట్టలు వేస్తున్నాం. బయటికెళ్తే చెరొకరి చెయ్యి పట్టుకుంటాం.

ఒకేలాంటి బట్టల్లో ఫొటోలు బాగుంటాయని చుట్టాలు ఇంకా బాధపడుతున్నారు. నిజమే, కాకపోతే ఫొటోకు ఇద్దరూ మిగలాలి కదా!

– స్వరూప, ఎల్బీనగర్